మజ్జిగకు గడి లేని కాగితం

అమెరికా దేశాన్ని నేను ఒకసారి మా పాళెం బడి వెనక ఒక పూటంతా ఒంటికాలి మీద నిలబెట్టాను.

మనవళ్ళకు చెప్పేటప్పుడు ఇక్కడితో ఆపుతాను. పుస్తకంలో రాస్తున్నాను కనుక కాస్త తగ్గించాలి. దేశం కాదు, ఆ దేశం తరఫున వచ్చిన ఒక మనిషి. పూటంతా కాదు, పావుగంట. ఒంటికాలు మాత్రం నిజం. తుమ్మముల్లు చెప్పును దాటి మడమలో దిగితే ఆయన నా భుజం పట్టుకుని నిలబడ్డాడు, నేను పిన్నీసుతో ముల్లు తీశాను. ఆ ముల్లు బయటికొచ్చేసరికే నేను ఆయనకు అరడజను అబద్ధాలు చెప్పి ఉన్నాను.

అది పాలపొడి కాలం. మా పాళెం కోయంబత్తూరుకు తూర్పున, మిల్లు సంగు వినిపించేంత దూరంలో ఉండేది. సంగు అంటే షిఫ్టు మారేటప్పుడు మిల్లు వేసే కూత. దాన్ని బట్టే మా ఆడవాళ్ళు పొయ్యి రాజేసేవాళ్ళు, దాన్ని బట్టే మగవాళ్ళు తలనిండా దూదిపింజలతో ఇంటికొచ్చేవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లు ఆఫీసులో ఇంగ్లీషు. మూడింటిలోనూ తడుముకోకుండా అబద్ధమాడగలను కనుక నాకు టైమాఫీసులో గుమాస్తా పని దొరికింది. తెలుగు అక్షరాలు మాత్రం మా బళ్ళో చెప్పేవాళ్ళు కాదు. పెద్దవాణ్ణయ్యాక మూడు రోజుల్లో నేర్చుకున్నాను. సరే, మూడేళ్ళు.

నెలకొకసారి కోయంబత్తూరు గోడౌను నుంచి లారీ వచ్చి మా బడి ముందు పాలపొడి డబ్బాలు దింపి పోయేది. డబ్బా అంటే చేతిలో పట్టేది కాదు. గట్టి అట్టతో చేసి, ఇనప పట్టీతో మూత బిగించిన పీపాయి, నడుమెత్తు ఉండేది. దాని మీద రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్న బొమ్మ. షరతులు మూడు. పొడిని మరిగించిన నీళ్ళలో కలిపి మధ్యాహ్నం పిల్లలకు వెంటనే తాగించాలి. ఎంతమంది తాగారో నెలనెలా ఇంగ్లీషులో రాసి పంపాలి. ఖాళీ అయిన డబ్బాలను మూతబిగించి అదే లారీలో గోడౌనుకు తిప్పి పంపాలి.

తాగించే పని మా మేనత్తది. రాసే పని నాది, ఎందుకంటే హెడ్మాస్టరుగారికి తమిళంలో ఉన్నంత ధైర్యం ఇంగ్లీషులో ఉండేది కాదు. తిప్పి పంపే పని ఊళ్ళోని ఆడవాళ్ళందరూ తమ నెత్తిన వేసుకున్నారు. అసలు చిక్కంతా అక్కడ వచ్చింది.

ముందు అత్త సంగతి చెప్పాలి. ఆమెను ఇచ్చింది కంబం వైపు, అరటితోటలున్న ఇంటికి. మామ పోయాక పది రోజులుండి వెళ్తానని మా ఇంటికి వచ్చింది. పదకొండో రోజు నుంచే ఆమె మరిది ఉత్తరాలు మొదలయ్యాయి. "వదినమ్మ ఇల్లు వదినమ్మ కోసం ఎదురుచూస్తోంది" అని రాసేవాడు. ఎదురుచూసేది ఇల్లు కాదు, తోటలో పనిచేసే ముప్పైమంది కూలీలకు వండాల్సిన పొయ్యి. అది అత్తకూ తెలుసు, మా నాన్నకూ తెలుసు. కానీ విధవ ఆడబిడ్డ పుట్టింట్లో ఊరికే కూర్చుంటే మాట పడేది మా నాన్నే. అలాంటి సమయంలో బడి వంటగది దొరికింది. దాని పక్కనే ఒక చిన్న గది, ఆ గదికి ఒక తాళం. జీవితంలో మొదటిసారి ఒక తాళంచెవి ఆమె నడుముకు వేలాడింది. అప్పట్నుంచి మరిది ఉత్తరాలకు నాచేత ఒకే ఒక్క వాక్యం రాయించేది: బళ్ళో పని ఉంది, రావడానికి వీలుకాదు. ఆ వంటగది ఉన్నంతవరకే ఆ వాక్యానికి బలం.

ఇక పాలు. మొదట్లో అత్త షరతు ప్రకారమే కలిపి ఇచ్చింది. పిల్లలు ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మిగిలింది గోడ పక్కన పోసేవాళ్ళు. గోడ పక్కన కుక్కలు బలిశాయి. పులులంత అయ్యాయి అని రాయబోయాను. కుక్కలంతే అయ్యాయి, కానీ మంచి కుక్కలంత.

"ఏమత్తా, అమెరికా పాలు వీళ్ళకు దిగలేదా?" అని అడిగాను.

"దిగలా. సున్నపు తేట మాదిరి వాసన. నువ్వు తాగి చూడు, నువ్వే పరిగెత్తుతావు" అంది.

తాగాను. పరిగెత్తలేదు, కానీ వేగంగా నడిచాను.

నాలుగు రోజులు ఆలోచించి ఆమె ఒక పని చేసింది. ముందు రోజు సాయంత్రమే పాలు కలిపి, గంగాళంలో పోసి తోడుపెట్టింది. అంత పాలకు తోడు ఎక్కడిది? రోజుకొక ఇంటివాళ్ళు గిన్నెడు పెరుగు తెచ్చిపోయాలని వంతులు వేసింది. మర్నాడు మధ్యాహ్నానికి గంగాళం నిండా పెరుగు. దాన్ని చిలికి, నీళ్ళు పోసి, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేసింది. మా పిల్లలు ఇంటినుంచి సజ్జసంగటి ముద్ద తెచ్చుకునేవాళ్ళు. ఆ ముద్ద మీద ఆ మజ్జిగ పోసుకుంటే, సున్నపు తేట ఎటు పోయిందో తెలియదు. వాళ్ళ చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ కూడా లోటాలు పట్టుకుని బడికి రావడం మొదలుపెట్టారు. పలకలు లేకుండా.

ఇది షరతుకు విరుద్ధం కనుక నేను రిపోర్టులో రాయలేదు. పాలు తాగారనే రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. నా కలం వాలు అలాంటిది. మొదటి నెల బళ్ళో ఉన్నవాళ్ళందరూ తాగారని రాశాను. రెండో నెల ఇంకాస్త బాగుండాలని, బడి మానేసి మిల్లులో చేరినవాళ్ళను కూడా కలిపాను. ఆ తర్వాత బడి రిజిస్టరులో ఉన్న పిల్లలకంటే పాలు తాగిన పిల్లలు ఎక్కువయ్యారు. ఒక నెల మా వీధిలో పుట్టబోయే ఇద్దర్ని కూడా తాగించాను. అత్తకు మేలు చేస్తున్నాననుకున్నాను. లెక్క ఎంత పెద్దదైతే వంటగది అంత గట్టిగా నిలబడుతుందనేది నా తెలివి.

డబ్బాల సంగతి నాకు తెలియకుండా జరిగింది. మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే, ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు. గుప్పెడు చింతపండో, నాలుగు మునక్కాయలో, ఏదో ఒకటి వేసి పంపాలి. ఖాళీ గిన్నె పంపితే నీ ఇల్లూ ఇలాగే ఉండాలని దీవించినట్టు. పైగా ఆ డబ్బా మీద చేతులు కలిపిన బొమ్మ ఒకటి. చేతులు కలుపుకునేది ఎవరు? సంబంధం కలుపుకున్నవాళ్ళు. అంటే ఇది వియ్యాలవారు పంపిన సీరు. మీ వైపు సారె అంటారు. సారె వచ్చిన గంపను ఖాళీగా పంపితే ఇంకేమైనా ఉందా? అందుకని ఖాళీ అయిన ప్రతి డబ్బాలోనూ మా ఆడవాళ్ళు వాళ్ళకు తోచింది వేసి, మూతబిగించి, లారీ ఎక్కించారు. జొన్నలు, చింతపండు, బెల్లం, మురుకులు, ఒక ఇంటివాళ్ళు ఏకంగా గుమ్మడికాయ. నెలనెలా. డబ్బాకు డబ్బా.

ఆ డబ్బాలు గోడౌను నుంచి పొరపాటున మేట్టుపాళయం దగ్గర ఇంకో బడికి పోయాయనీ, అక్కడి పిల్లలు మూత తీసి అమెరికాలో మురుకులు బాగా చేస్తారని మెచ్చుకున్నారనీ నేను నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. అది జరగలేదు. జరిగింది ఇది. గోడౌనులో డబ్బా ఎత్తి చూసి, బరువుగా ఉంటే, "వాడకుండా తిప్పి పంపినవి" అని రాసి ఒక మూల పేర్చారు. మూత తీయాలంటే ఎవరో పెద్ద అధికారి సంతకం కావాలట. సంతకానికి పోయేంత తీరిక ఎవరికీ లేదు.

కనుక పై ఆఫీసుకు చేరిన కాగితాలు ఇలా ఉన్నాయి. ఊరి రిపోర్టు ప్రకారం పుట్టని పిల్లలు కూడా పాలు తాగుతున్నారు. గోడౌను రిపోర్టు ప్రకారం మా ఊళ్ళో ఒక్కరూ చెంచాడు పొడి ముట్టడం లేదు.

ఒక రోజు హెడ్మాస్టరుగారు ఒక ఉత్తరం పట్టుకుని టైమాఫీసు కిటికీ దగ్గరికి వచ్చారు. "ఎన్న సార్ ఇదు, కొంజం పడిచ్చు సొల్లుంగ" అన్నారు. చదివి చెప్పాను. దూరదేశం నుంచి ఒక దొర వస్తున్నాడు. ఇచ్చిన సాయం ఎంతవరకు పనికొచ్చిందో ఊరూరా చూసి తేలుస్తాడు. పనికిరావడంలేదని తేలిన చోట వంటగది మూసేస్తారు.

అదే వారం కంబం నుంచి ఉత్తరం. ఈసారి మరిది ఎదురుచూపుల మాట ఎత్తలేదు. "బడి పాలు ఆపేస్తారని ఇక్కడ కూడా అనుకుంటున్నారు. ఆగగానే నేనే వచ్చి తీసుకుపోతాను" అని రాశాడు. అత్త ఆ ఉత్తరాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, మడిచి, పొయ్యిలో పెట్టింది.

"ఆ దొరకు తెలుగు వచ్చునా?" అంది.

"రాదత్తా. నేనే తిప్పి చెప్పాలి. మిల్లులో అరపూట సెలవిచ్చినారు."

"అయితే ఇంగ దేవుడే దిక్కు" అంది.

దొర జీపులో వచ్చాడు. ఎనిమిది అడుగుల మనిషి. ఆరడుగులు, పైన టోపీ. మెడ ఎండకు కందిపోయి ఎర్రగా ఉంది. చంకలో ఒక అట్ట, దాని మీద గడులు గీసిన కాగితాలు, మెడలో కెమెరా. మర్యాదస్థుడు. అందరికీ చేతులెత్తి దండం పెట్టాడు. మా నాన్నకు రెండుసార్లు పెట్టాడు.

ముందు తల్లులను వరుసగా కూర్చోబెట్టి అడిగాడు. పాలపొడి ఎలా ఉంది?

"బాగుంది సామీ."

ఏమైనా లోపం ఉందా?

"బాగుంది సామీ."

పిల్లల ఒంట్లో ఏమైనా మార్పు కనిపించిందా?

"బాగుంది."

దొర కాసేపు కలం చివర కొరికి, ఇది ఆపేస్తే ఏమవుతుందని అడిగాడు. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చిన అతిథిని కాదనకూడదు, ఇచ్చినదాన్ని వంకపెట్టకూడదు. ముందు వరసలోని పెద్దావిడ అందరి తరఫునా చెప్పింది: "మీ ఇష్టం సామీ. అదీ బాగుంటుంది."

దొర రాయడం ఆపేశాడు. అది నేను తిప్పి చెప్పినందువల్ల కాదు. నేను చెప్పింది, "ఆపితే ఈ తల్లులు కన్నీరు మున్నీరవుతారు" అని. కానీ వాళ్ళు నవ్వుతూ తలలూపుతున్నారు.

తర్వాత పిల్లల దగ్గరికి వెళ్ళాడు. ఈ రోజు పాలు తాగారా?

"లేదు!" అని బడంతా ఒక్క గొంతుతో అరిచింది. నిన్న? "లేదు!" పోయిన వారం? "లేదు సార్!" మా పిల్లలు అబద్ధం చెప్పలేదు. పాలు వాళ్ళు చూసి నెలలైంది. వాళ్ళు తాగింది మజ్జిగ. అడిగినదానికే జవాబు చెప్పాలని హెడ్మాస్టరుగారు ముందు రోజంతా బెత్తం పట్టుకుని నేర్పించారు. ఆయన గోడకు ఆనుకుని నాకేసి చూస్తూ, "సార్, ఏదావదు సొల్లుంగ సార్" అన్నారు, ఏదో ఒకటి చెప్పమని. చెప్పాను. ఈ ప్రాంతంలో సంతోషం పట్టలేనప్పుడు పిల్లలు లేదు లేదు అని అరుస్తారని చెప్పాను. దొర నన్ను మొదటిసారి నిదానంగా చూశాడు.

బడి వెనక వంటగదికి వెళ్ళే దారిలోనే ముల్లు దిగింది. నేను కూర్చుని ముల్లు తీస్తుంటే, ఆయన నా తలమీదుగానే అడిగాడు. మీ రిపోర్టులు రాసేదెవరు? బడికి గుమాస్తా ఉన్నాడన్నాను. ఆయన ఎక్కడ? చనిపోయాడన్నాను. పాపం ఆ గుమాస్తాకు అంతకంటే గౌరవమైన మరణం నేను ఆలోచించలేకపోయాను.

వంటగది గుమ్మంలో అత్త నిలబడి ఉంది. దొర కుంటుతూ వచ్చి నమస్కారం పెట్టి, సూటిగా అడిగాడు. మీ డబ్బాలు పొడి వాడకుండానే తిరిగి వస్తున్నాయి. ఎందుకు?

నేను అత్తతో, "డబ్బాలు బాగున్నాయా అంటా ఉండాడు" అన్నాను.

"బాగుండాయని చెప్పు. ఒక్కటి కూడా ఉత్తగా పంపలేదని చెప్పు" అంది.

నేను దొరవైపు తిరిగి, ఉక్కపోతకు అట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుందనీ, మిల్లు దుమ్ము దానికి తోడవుతుందనీ, అది మా పాళెం గాలికే ఉన్న గుణమనీ చెప్పుకుపోయాను. చేతులు కూడా తిప్పాను. మధ్యలో అత్త నా చొక్కా పట్టి లాగింది.

"అల్లుడా, నేను చెప్పింది రెండు మాటలు. నువ్వు చెప్పింది రెండు బారలు. ఏం చెప్పినావు?"

"అదేనత్తా, నువ్వు చెప్పిందే."

"ఆయన మొహం చూడు. నేను చెప్పింది విన్నోడి మొహమా అది? ఇంట్లో నువ్వు కోతలు కోసేటప్పుడు మీ నాయన మొహం అట్లనే దా ఉంటుంది." ఆమె గొంతు తగ్గించలేదు. "నాకు కంబం పోయేదానికి ఇష్టం లేదు. అది నీకు తెలుసు. నువ్వు నోరు తెరిచే కొద్దీ నా పెట్టె బస్సెక్కతా ఉండాది. ఉన్నది ఉన్నట్టు చెప్పు. లేకుంటే గమ్మున ఉండు."

గమ్మున ఉండడం నావల్ల కాదు. కనుక మొదటిదే మిగిలింది.

నేను చాలా ధైర్యంగా, తల ఎత్తి ఒప్పుకున్నానని రాయాలని ఉంది. నేలను చూస్తూ ఒప్పుకున్నాను. రిపోర్టులు రాసింది నేనేనన్నాను. గుమాస్తా చనిపోలేదు, అసలు పుట్టలేదు. పిల్లల సంఖ్య తప్పు. ప్రతి నెలా తప్పు, ప్రతి నెలా ఇంకాస్త ఎక్కువ తప్పు. పాలు ఇవ్వడం లేదు; పిల్లలు తాగరు కనుక తోడుపెట్టి మజ్జిగ చేసి ఇస్తున్నాం. ఇదంతా ఈమె తప్పు కాదు, నాది.

దొర కోప్పడతాడనుకున్నాను. ఆయన అట్టమీది కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. వచ్చింది, ఇచ్చింది, తాగింది, మిగిలింది. మజ్జిగకు గడి లేదని చెప్పాడు. అది అత్తకు చెప్పాను, ఈసారి ఉన్నదున్నట్టే.

"గడి లేకుంటే ఒకటి గీసుకోమను" అంది అత్త. "గీత గీసేదానికి ఏం కష్టం? ముందు ఒక లోటా తాగమను, పావం, మెడ చూడు ఎట్ల కాలిపోయినాదో."

తాగాడు. నాలుగు లోటాలు తాగాడని చెప్పుకుంటాను. రెండు. కానీ రెండోది అడిగి పుచ్చుకున్నాడు.

అప్పుడు అసలు ప్రశ్న వేశాడు. మీ లెక్క తప్పని మీరే అంటున్నారు. గోడౌను లెక్క ఒప్పుకుంటే ఇక్కడ ఎవరూ ఏమీ తాగలేదు. మరి నిజం లెక్క ఎవరి దగ్గర ఉంది?

నేను అత్తకు చెప్పగానే ఆమె పక్కకు జరిగి, "గోడ చూడమను" అంది.

వంటగదిలో మూడు గోడలకు కొత్త సున్నం. దొర వస్తున్నాడని హెడ్మాస్టరుగారు వేయించారు. నాలుగో గోడ దగ్గరికి అత్త సున్నం మనిషిని రానివ్వలేదు. ఆ గోడ నిండా బొగ్గు గీతలు. ఆమెకు చదువు రాదు. పది లోటాలు పోయగానే ఒక గీత గీసేది, రోజుకొక వరస. పైన, మొదటి రోజుల వరసల్లో రెండేసి గీతలు, కొన్నిట్లో ఒకటే. అవి పాలు పాలుగా ఇచ్చిన రోజులు. కింద, పెరుగు తోడుపెట్టిన నాటి నుంచి వరసలు పొడుగయ్యాయి. నాలుగు, ఆరు, ఎనిమిది. మధ్యలో ఒక పొట్టి వరస ఉంటే దొర వేలుపెట్టి అడిగాడు.

"ఆ పొద్దు తోడు తెచ్చే వంతు ఇంటోళ్ళు మరిచిపోయినారు. పాలే ఇచ్చినాను" అంది అత్త. "పక్కదినం ఆ ఇంటామె సిగ్గుపడి రెండు గిన్నెలు తెచ్చింది. చూడు, ఆ వరస ఎంత పొడుగో."

దొర కిందకూర్చుని, కుంటికాలు చాపుకుని, వరసలన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. నేను పైనుంచి చదువుతుంటే ఆయన రాశాడు. ఒక్క గీత కూడా కలపలేదు. కలపాలని రెండుసార్లు నాలుక దురద పెట్టింది. అత్త నా వెనకే నిలబడి ఉంది.

ఆ పని అయ్యాక, డబ్బాల మాట మళ్ళీ వచ్చింది. లారీ కోసం మూతబిగించి పెట్టిన డబ్బా ఒకటి గుమ్మం పక్కనే ఉంది. దాని పట్టీ తీయమన్నాడు. తీశాం. లోపల సగానికి జొన్నలు, పైన అరిటాకులో చుట్టిన మురుకులు, ఒక బెల్లం దిమ్మ. ఆయన మురుకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది ఎవరికి అన్నాడు.

"పంపినోళ్ళకు" అంది అత్త. "ఉత్త గిన్నె ఎట్లయ్యా పంపేది? మేం అంత లేనోళ్ళమా?"

తిప్పి చెప్పాను. దొర మొహం మారింది, భుజాలు కదిలాయి, తర్వాత పెద్దగా నవ్వాడు. గోడౌనులో ఆ మూల నుంచి గేటు దాకా చీమలు ఎందుకు బారులు తీరి నడుస్తున్నాయో తనకు ఇప్పుడు తెలిసిందన్నాడు. పాలపొడికి ఇన్ని చీమలేమిటని అక్కడ అందరూ తలలు పట్టుకుంటున్నారట. గుమ్మడికాయ సంగతి నేను చెప్పలేదు. అది కుళ్ళి ఎన్నాళ్ళయి ఉంటుందో తలచుకుని ఊరుకున్నాను.

వెళ్ళేముందు ఆ గోడను ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ రాజధానిలో వేలాడుతోందని పెళ్ళిళ్ళలో చెబుతుంటాను. వంటగదిలో వెలుగు లేదు. ఫోటో పడిందో లేదో కూడా నాకు తెలియదు. అత్త అడిగింది ఒకటే: "వంట ఉంటుందా, ఆగుతుందా?" దొర తనకు తోచింది రాసి పంపుతాననీ, తేల్చేది పైవాళ్ళనీ చెప్పాడు. నేను తీపిచేయకుండా అలాగే చెప్పాను. "నిజమే చెప్పినట్టు ఉండావు, వినేదానికి బాగా లేదు" అంది.

ఆ తర్వాత లారీ రావాల్సిన రోజు వచ్చింది, లారీ రాలేదు. ఇంకో వారం. ఉన్న పొడిని అత్త పలచగా కలిపి నెట్టుకొచ్చింది. చివరి డబ్బా అడుగు గీకిన రోజు తోడు తెచ్చిన ఇంటావిడ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. అత్త ఆ పెరుగునే నీళ్ళు పోసి చిలికి చిన్నపిల్లలకు మాత్రం పోసింది. సాయంత్రం తన రేకుపెట్టెలో చీరలు సర్దింది. రెండే చీరలు కనుక సర్దడం తొందరగా అయిపోయింది. అందుకని తీసి మళ్ళీ సర్దింది.

మూడోనాటికి మరిది దిగాడు. తెల్లచొక్కా, భుజం మీద జరీ తువ్వాలు, చేతిలో తిరుగు ప్రయాణానికి రెండు టిక్కెట్లు. వాటిని అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు. బడి అరుగు మీద కూర్చుని, "ఏం వదినా, పాలు పొంగినాయా?" అన్నాడు ఎగతాళిగా.

"పొంగినాయి, చల్లారినాయి. కూర్చో, వస్తా ఉండాను" అంది అత్త. పెట్టె తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను ఆ మాట చెప్పాలి, ఈ మాట చెప్పాలి అనుకుంటూ నిలబడ్డాను. ఆ రోజు నా దగ్గర ఒక్క అబద్ధం కూడా లేదు.

లారీ మిల్లు మలుపు దగ్గర కనిపించింది. ముందు చూసింది పిల్లలు. బళ్ళోంచి ఒక్క ఉరుకున బయటపడి, "వచ్చింది, వచ్చింది" అని అరిచారు. నేను దొరకు చెప్పిన పద్ధతిలో సంతోషానికి లేదు లేదు అనలేదు. డ్రైవరు దిగి హెడ్మాస్టరుగారికి ఒక కాగితం ఇచ్చాడు. ఆయన చూడకుండానే నా చేతికిచ్చారు. అందరూ నా నోటివైపు చూశారు. చదివాను. ఈ బళ్ళో పొడిని ఊరివాళ్ళకు అలవాటైన రూపంలో ఇవ్వవచ్చు. వంటగది కొనసాగుతుంది. రిపోర్టు వంటామె చెప్పగా రాయాలి. ఖాళీ డబ్బాలు ఖాళీగానే పంపాలి. "ఖాళీగానే" కింద రెండు గీతలు.

"రెండుసార్లు చదువు" అంది అత్త గుమ్మంలోంచి. చదివాను. "కలిపింది ఏమైనా ఉండాదా దాంట్లో?"

"ఒక్క అక్షరం లేదత్తా."

ఆమె పెట్టెను గది లోపలికి నెట్టి, కొంగు నడుముకు దోపి, మరిదివైపు తిరిగింది. "ఏమయ్యా, ఊరికే కూర్చున్నావు? లారీ వాడు ఒక్కడే ఉండాడు. రా, పట్టు."

కంబంలో చేతికి మట్టి అంటనివ్వని మనిషి జరీ తువ్వాలు తలకు చుట్టి డబ్బాలు దొర్లించాడు. అన్నీ ఆయనే దించాడని చెబితే బాగుంటుంది. ఒకటి దించాడు, రెండోదాన్ని పిల్లలు ఆయన చేతిలోంచి లాక్కున్నారు. కానీ ఆ ఒక్కటి దించేసరికే చెమటకు తడిసిపోయాడు. మర్నాటి దాకా మజ్జిగ లేదు కనుక అత్త ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. తాగి, లోటా కింద పెట్టి, కాసేపు ఆ గంగాళాన్నీ ఆ పొయ్యినీ చూశాడు. మరి రమ్మని అడగలేదు.

బస్సు దాకా నేనే వెళ్ళాను. ఒక టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు: "నిజం చెప్పు అల్లుడా. ఈ పొద్దు కాకున్నా, ఎప్పుడైనా వస్తుందా ఆమె?"

"రాదు మామా" అన్నాను.

"నీ మాట నమ్మేదానికి లేదని ఊరంతా అంటా ఉండారే."

"ఊరు చెప్పిందీ నిజమే మామా" అన్నాను. బస్సు కదిలింది.